ఫోర్‌ట్వంటీ లైటు

కారు డ్యాష్‌బోర్డు మీద బోలెడు లైట్లుంటాయి. పెట్రోలు అయిపోతుంటే ఒకటి, తలుపు సరిగ్గా పడకపోతే ఒకటి, సీటు బెల్టు పెట్టుకోకపోతే గోల పెట్టేది ఇంకొకటి. ఇవన్నీ విషయమేమిటో సూటిగా చెప్పేస్తాయి. వీటి మధ్యలో పసుప్పచ్చగా ఓ ఇంజన్ బొమ్మ ఉంటుంది చూడండి, అది మాత్రం ఏమీ చెప్పదు. వెలుగుతుంది, అంతే. మన భాషలో చెప్పాలంటే "సంథింగ్ వెంట్ రాంగ్" అనే ఎర్రర్ మెసేజ్ లాంటిదన్నమాట. అలాంటి మెసేజ్ రాసిన వాణ్ణి మనం కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. కార్ల కంపెనీలు మాత్రం ముప్ఫై ఏళ్ళుగా అదే బొమ్మతో బండి నడిపించేస్తున్నాయి.

నా కారు 2012 మోడల్ జపాన్ సెడాన్. ఇండియా వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. లైటు వెలిగే నాటికి లక్షా పద్దెనిమిది వేల మైళ్ళు తిరిగింది. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇక్కడ కారు లేకపోతే పాలప్యాకెట్టు కూడా రాదని తెలిసిందే కదా. మామూలు రోజుల్లో అయితే లైటు వెలిగినా రెండు వారాలు చూద్దాంలే అనుకోవచ్చు. కానీ అప్పుడు రిజిస్ట్రేషన్ గడువుకి సరిగ్గా పంతొమ్మిది రోజులుంది. పైగా చెల్లెలి పెళ్ళికని బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి ఇంటికి పంపిన నెల.

రిజిస్ట్రేషన్‌కీ లైటుకీ సంబంధమేమిటో తెలియని వాళ్ళకి ఓ ముక్క. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్స్పెక్షన్ తీసేశారు. దాంతో చాలామంది మనవాళ్ళు ఇన్స్పెక్షన్ పూర్తిగా పోయిందని సంబరపడ్డారు. పోలేదు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి 17 కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంచారు. మనవాళ్ళుండేది సరిగ్గా ఆ కౌంటీల్లోనే. పేరుకి పొగ పరీక్షే గానీ గొట్టం దగ్గర ఎవరూ ఏమీ కొలవరు. స్టీరింగు కింద ఉన్న సాకెట్లో ఓ వైరు గుచ్చి "నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని కారునే అడుగుతారు. లైటు వెలుగుతోందంటే ఫెయిల్. వాదనల్లేవు.

అసలీ లైటు ఎవరి కోసం పెట్టారో తెలిస్తే దాని ప్రవర్తన సగం అర్థమవుతుంది. మన కోసం కాదు! ఇంజన్ కోసం అంతకన్నా కాదు. గాలి కోసం. 1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో జనం కళ్ళు మండి ఏడుస్తుంటే, హాగెన్-స్మిట్ అనే డచ్ దేశపు కెమిస్టు ఆ మసక పొగకి కారణం కార్ల నుంచీ ఆయిల్ రిఫైనరీల నుంచీ వచ్చే వాయువులు ఎండలో కలిసి మారిపోవటమే అని తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వం గాలి వనరుల బోర్డు పెట్టింది. కారు తన పొగని తనే కనిపెట్టుకోవాలి, తేడా వస్తే డ్రైవరుకి చెప్పాలి అని 1988 మోడల్ కార్ల నుంచి ఆ బోర్డే నిబంధన తెచ్చింది. ఓబీడీ అంటే అదే. ఒక్కో కంపెనీ ఒక్కో సాకెట్టూ, ఒక్కో భాషా పెట్టుకుని కొన్నాళ్ళు గందరగోళం చేశాక, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే సాకెట్టు, ఒకే కోడ్ల పట్టిక వచ్చాయి. అది ఓబీడీ-2. స్థూలంగా దాని లెక్క ఏమిటంటే, పొగలో కాలుష్యం అనుమతించిన దానికి ఒకటిన్నర రెట్లు దాటేంత లోపం ఎక్కడున్నా లైటు వెలగాలి.

అందుకే పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా ఈ లైటు వెలుగుతుంది. ఇంజన్‌కి ఏమీ కాదు, కానీ ట్యాంకులోంచి ఆవిరి గాల్లో కలుస్తుంది. అదే, టైమింగ్ చెయిన్ అరుగుతూ ఇంజన్ మూలుగుతున్నా లైటు చాలాకాలం నోరు మెదపకపోవచ్చు. "లైటు లేదు కాబట్టి బండి బావుంది", "లైటు వచ్చింది కాబట్టి బండి పోయింది" - రెండూ తప్పే.

ఒక్క మినహాయింపు. లైటు నిలకడగా కాకుండా టపటపా కొట్టుకుంటుంటే మాత్రం సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోవట్లేదనీ, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్తోందనీ అర్థం. దాంతో లోపలున్న కన్వర్టర్ విపరీతంగా వేడెక్కి కరిగిపోగలదు. అప్పుడు మాత్రం వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకి ఆపెయ్యాలి.

నాది నిలకడగానే వెలిగింది. సరే, కోడ్ చూద్దామని ఇరవై డాలర్లు పెట్టి ఈఎల్ఎం327 అనే బ్లూటూత్ ముక్క తెప్పించాను. ఇది మనబోటి వాళ్ళకి మంచి ఆటబొమ్మ. పాత మోడెమ్‌తో మాట్లాడినట్టు దీంతో అక్షరాల్లో మాట్లాడొచ్చు. "01 0సి" అని పంపితే "41 0సి 1ఏ ఎఫ్8" అని జవాబొస్తుంది. చివరి రెండు బైట్లూ తీసుకుని, మొదటిదాన్ని 256తో హెచ్చవేసి, రెండోది కలిపి, నాలుగుతో భాగిస్తే 1726. ఇంజన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోందన్నమాట. నాకైతే పదేళ్ళ తర్వాత మళ్ళీ మైక్రోప్రాసెసర్ ల్యాబులో కూర్చున్నట్టనిపించింది. మొదటి రోజు రాత్రి పన్నెండింటి దాకా పార్కింగ్‌లోనే ఉన్నా. ఎవరో సెక్యూరిటీకి ఫోన్ చేసినట్టున్నారు, వాడొచ్చి టార్చి వేసి చూసి వెళ్ళాడు :-)

వచ్చిన కోడ్ పి0420.

ఫోర్‌ట్వంటీ! మన దేశంలో పుట్టిన ఎవడికైనా ఆ నెంబరు చూడగానే నవ్వొస్తుంది. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చాక మోసం కేసు సెక్షన్ 318 అయింది గానీ, తిట్టుకి ఇంకా 420నే వాడుతున్నాం. ఈ కోడ్‌కి ఆ పేరు అతికినట్టు సరిపోతుందని తర్వాత తెలిసింది. మోసం చేసేది కోడ్ కాదు, కోడ్ పేరు చెప్పుకుని చేసేవాళ్ళు.

ఈ కోడ్లు చదవటం తేలిక. మొదటి అక్షరం పి అంటే ఇంజనూ గేరుబాక్సూ. తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలీ ఇంధనం, 3 అయితే మంట సరిగ్గా అంటుకోకపోవటం, 4 అయితే పొగని శుభ్రం చేసే సరంజామా, 7 అయితే గేరుబాక్సు. పి0420 పూర్తి పేరుని తెలుగులో చెప్పుకుంటే "మొదటి వరస క్యాటలిస్టు సామర్థ్యం ఉండాల్సిన గీత కన్నా కిందుంది".

ఆ వాక్యం ఇంకోసారి చదవండి. "కన్వర్టర్ పోయింది" అని అందులో ఎక్కడా లేదు. ఒక పరీక్ష పెట్టాను, ఫలితం గీత కన్నా తక్కువొచ్చింది అంటోంది, అంతే. మన లాగ్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చిన లైను ఉంటుంది. బగ్ ఆ లైనులోనే ఉంటుందా? ఆ నల్‌ని ఎక్కడో మూడు ఫంక్షన్ల వెనక ఎవడో పుట్టించి ఉంటాడు. ఎక్సెప్షన్ వచ్చిన లైను తీసేసి కొత్త లైను రాసేవాణ్ణి మనం ఉద్యోగంలో ఉంచం. గ్యారేజీలో మాత్రం అదే పనికి డబ్బులిస్తాం.

మా ఇంటికి దగ్గర్లో ఓ గ్యారేజీకి తీసుకెళ్ళాను. "డయాగ్నోసిస్" కింద 140 డాలర్లు తీసుకున్నారు. గంట తర్వాత చేతిలో కాయితం పెట్టారు. అందులో మొదటి లైను: కోడ్ పి0420. రెండో లైను: క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, 1,850 డాలర్లు, పన్నులు అదనం. వాహనం పైకెత్తి చూశారా అని అడిగా. "కోడ్ అదే చెప్తోంది కదా సర్" అన్నాడు కౌంటరు మీదున్న కుర్రాడు. నా ఇరవై డాలర్ల ముక్క చెప్పిన దానికన్నా ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు వాళ్ళు.

కన్వర్టర్ ఎందుకంత ఖరీదంటే లోపల తేనెపట్టులాంటి పింగాణీ గడుల మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉంటుంది. 2021లో రోడియం ఔన్సు ఇరవై వేల డాలర్లు దాటిపోయి, దొంగలు రాత్రిళ్ళు రంపాలతో కార్ల కింద దూరిన రోజులు గుర్తున్నాయి కదా. విష వాయువుల్ని మామూలు వాయువులుగా మార్చే పని ఆ పూతది. అందులో ఆక్సిజన్‌ని కాస్త దాచుకుని, అవసరమైనప్పుడు వదిలే గుణం కూడా ఉంటుంది. కంప్యూటర్ చూసేది ఆ గుణాన్నే. కన్వర్టర్‌కి ముందొక సెన్సరు, వెనకొక సెన్సరు ఉంటాయి. ముందు వైపు ఆక్సిజన్ ఎక్కువా తక్కువా అవుతూ ఊగుతుంటుంది. కన్వర్టర్ బతికుంటే ఆ ఊపుని మింగేస్తుంది కాబట్టి వెనక సెన్సరు వోల్టేజి 0.6, 0.7 దగ్గర దాదాపు గీతలా ఉంటుంది. చచ్చిపోతే ముందెలా ఊగుతోందో వెనకా అలాగే, 0.1కీ 0.9కీ మధ్య లయగా ఊగుతుంది.

అంటే కంప్యూటర్‌కి కన్వర్టర్ కనపడదు. వెనక సెన్సరు వోల్టేజి మాత్రమే కనపడుతుంది. ఆ వోల్టేజిని చెడగొట్టేది ఏదైనా సరే పి0420 కిందే జమవుతుంది. వెనక సెన్సరు ముసలిదైపోయినా, పైపుకి చిల్లు పడి బయటి గాలి లోపలికొచ్చినా, ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతున్నా, ఆయిల్ కాల్చేస్తున్నా. కొన్ని మోడళ్ళకైతే కంప్యూటర్లో సాఫ్ట్‌వేరే అతిగా అనుమానిస్తోందని కంపెనీలే అప్‌డేట్ ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆఖర్న, నిజంగా కన్వర్టరే పోయి ఉండొచ్చు కూడా. పోదని కాదు. కానీ 1,850 డాలర్లు అన్నిటికన్నా ముందు పెట్టి చూడాల్సిన ప్రయోగం కాదు కదా! పైగా ఇంజన్ ఆయిల్ కాలుస్తుండటం వల్ల పాత కన్వర్టర్ పోయుంటే, కొత్తది కూడా కొన్నాళ్ళకి అదే దారి పడుతుంది.

ఈలోగా మా రూమ్మేటు అమూల్యమైన సలహా ఒకటిచ్చాడు. "బ్యాటరీ వైరు పీకి పది నిమిషాలాగి పెట్టెయ్ బావా, లైటు పోద్ది. పోగానే ఇన్స్పెక్షన్‌కి తీసుకెళ్ళు." వాడు కిందటేడు తన కారుకి అదే చేశాడు. పరీక్షలో ఫెయిలొచ్చింది. ఎందుకంటే కోడ్ చెరిపేస్తే కారు అంతకుముందు చేసుకున్న స్వీయ పరీక్షల ఫలితాలన్నీ కూడా చెరిగిపోతాయి. వాటిని మానిటర్లు అంటారు. కన్వర్టర్‌కొకటి, సెన్సర్లకొకటి, పెట్రోలు ఆవిరికొకటి. 2001 తర్వాతి మోడల్ అయితే ఒక్క మానిటర్ దాకా "ఇంకా కాలేదు" అని ఉన్నా ఒప్పుకుంటారు, అంతకు మించితే వెనక్కి పంపేస్తారు. ఈ దొంగ తెలివి అందరికీ వస్తుందని నియమాలు రాసినవాళ్ళకి ముందే తెలుసు.

చెరపకూడదనటానికి నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, వేగమెంత, లోడెంత అన్నది కారు ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. ప్రొడక్షన్ సర్వరు వేలాడిపోయినప్పుడు థ్రెడ్ డంప్ తీసుకోకుండా రీస్టార్ట్ కొట్టేవాళ్ళు ప్రతి టీములో ఒకడుంటాడే, అలాంటి పనన్నమాట. నా ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజన్ 88 డిగ్రీలు, వేగం 58 మైళ్ళు. బండి బాగా వేడెక్కి, హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు పడిన కోడ్. ఈ పరీక్ష జరిగేది సాధారణంగా అలాంటప్పుడే కాబట్టి వింతేమీ లేదు. సరే, ముందుకి పోదాం.

శని, ఆదివారాలు రెండు రోజులూ ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టి, రూమ్మేటు చేత బండి నడిపిస్తూ అంకెలు చూశాను. ముందు ఇంధనం సంగతి. కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచుతోంది, ఎంత తగ్గిస్తోంది అన్నది శాతాల్లో చెప్తుంది. అటూ ఇటూ పది లోపు ఉంటే కంగారు లేదు. నాది రెండు. మంట అంటుకోని లెక్క అన్ని సిలిండర్లకీ సున్నా. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం కిందటి నెల ఎక్కడుందో అక్కడే ఉంది. అంటే ఇంజన్ నిర్దోషి.

తర్వాత వెనక సెన్సరు. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే వోల్టేజి 0.85కి లేచింది, వదిలెయ్యగానే 0.1 కిందికి పడిపోయింది. చురుగ్గానే ఉంది, సెన్సరు కూడా నిర్దోషే. బండి నిలబెట్టి 2,500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే 0.65 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. కన్వర్టర్ చచ్చిపోయి ఉంటే అలా నిలబడదు. కానీ మెల్లగా వెళ్తున్నప్పుడూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ మాత్రం ఉన్నట్టుండి 0.2కి పడిపోయి, మళ్ళీ లేస్తోంది. చచ్చిన కన్వర్టర్‌కి ఉండాల్సిన లయ ఇందులో లేదు. పడితే పడుతోంది, లేకపోతే లేదు. బయటి నుంచి గాలి దొంగతనంగా వస్తోందేమో అని అనుమానం మొదలైంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన నరసరావుపేట ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. స్క్రూడ్రైవరు కొస ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి ఏ బేరింగ్ అరిగిందో చెప్పే రకం. పొగ నల్లగా ఉంటే డీజిల్ ఎక్కువ పోతోందనీ, నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోందనీ నాకు ఎక్కాలతో పాటు నేర్పాడు. ఆయనకి కంప్యూటర్ ఉన్న బళ్ళంటే చిన్నచూపు. ఆదివారం ఫోన్లో లైటు సంగతి చెప్పాను.

"లైటు తర్వాత సంగతిరా. చప్పుడేమన్నా మారిందా?"

"పెద్దగా లేదు నాన్నా. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు నిమిషాలు టిక్ టిక్‌మంటుంది. తర్వాత పోతుంది. ఇంజన్ పాతదయింది కదా."

"ఇంజెక్టర్లు క్లీన్ చేయించు."

"అవి బాగానే ఉన్నాయి నాన్నా, లెక్కలు చూశాను."

"లెక్కలు చూస్తే నన్నెందుకు అడుగుతున్నావ్? సరే, రేపు పొద్దున ఆ చప్పుడు రికార్డు చేసి పంపు. బానెట్ ఎత్తి, ఫోన్ కిందకి పెట్టు."

పంపాను. నాలుగుసార్లు విన్నాడట. సాయంత్రం ఫోన్ చేసి, "అది వాల్వు చప్పుడు కాదురా. వాల్వు చప్పుడు గట్టిగా, ఇనప్పుల్లతో కొట్టినట్టుంటది. ఇది ఫట్ ఫట్‌మని గాలి కొడుతోంది. ఎక్కడో ప్యాకింగ్ పోయింది. బండి వేడెక్కితే ఇనుము సాగి చిల్లు మూసుకుంటది, అందుకే చప్పుడు ఆగిపోతోంది" అన్నాడు. గాస్కెట్‌ని మా నాన్న ప్యాకింగ్ అనే అంటాడు. మన వైపు మెకానిక్కులందరూ అదే అంటారు.

ఇంజెక్టర్ల మాట తప్పినా, ఇది సెన్సరు గ్రాఫుకి సరిగ్గా సరిపోయింది. పొగ గొట్టంలో నీళ్ళలా ధారగా రాదు, సిలిండర్ పేలినప్పుడల్లా ఓ తోపు తోపుగా వస్తుంది. రెండు తోపుల మధ్య పీడనం బయటి గాలి కన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో చిన్న సందున్నా బయటి గాలి లోపలికొస్తుంది. గాలిలో 21 శాతం ఆక్సిజన్. వెనక సెన్సరు అది చూసి వోల్టేజి పడేస్తుంది. కంప్యూటర్ పాపం కన్వర్టర్‌ని అనుమానిస్తుంది. ఇంజన్ వేగంగా తిరిగితే తోపులు దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి గాలి దూరే సందు తక్కువ. 2,500 దగ్గర గీత గీసినట్టు ఉన్నది అందుకే.

అనుమానమే కదా, రుజువు కావాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి పని చెయ్యనివ్వరు. ఫ్రిస్కోలో సొంతిల్లున్న ఆఫీసు అన్నయ్య గ్యారేజీకి వెళ్ళాం. ఆయన దగ్గర షాప్‌వాక్ ఉంది, చెత్త పీల్చే పెద్ద వ్యాక్యూమ్. దాని గొట్టం పీల్చే వైపు నుంచి తీసి ఊదే వైపు తగిలించి, పూర్తిగా చల్లారిన కారు వెనక పొగగొట్టానికి పెట్టి, చుట్టూ గుడ్డలు కుక్కాం. బండి ముందు భాగం ఎత్తి, జాక్ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వేసి, నేను కింద దూరి ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు కొట్టుకుంటూ వచ్చాను. సైకిలు ట్యూబుని నీళ్ళ తొట్లో ముంచి బుడగలెక్కడొస్తాయో చూసే పంక్చరు షాపు టెక్నిక్కేగా ఇది! ఇంజన్ నుంచి వచ్చే మ్యానిఫోల్డుకీ, కన్వర్టర్ ఉన్న పైపుకీ మధ్య అతుకు దగ్గర బుసబుసా నురగ పొంగింది. ముందు సెన్సరు దానికి పైనుంది, వెనక సెన్సరు దానికి కిందుంది. రెండిటి మధ్యా చిల్లు. మిగతా అతుకులన్నీ పొడిగా, బుద్ధిగా ఉన్నాయి.

గార్లండ్‌లో ఓ చిన్న షెడ్డులో ముసలాయన చేత చేయించాను. ఫోటో చూపించగానే తల ఊపాడు. పాత గాస్కెట్ ఓ పక్క కాలి, ముక్క ఊడొచ్చింది. స్ప్రింగు బోల్టులు రెండూ కూడా మార్చాడు. మొత్తం 135 డాలర్లు. 1,850 కాదు.

అప్పటికి గడువు ఎనిమిది రోజులుంది. ఇప్పుడు కోడ్ చెరిపాను. కొత్త కార్లలో ఇంకో చిన్న చమత్కారముంది. 2010 ప్రాంతం మోడళ్ళ నుంచి పర్మనెంట్ కోడ్ అని వేరేగా రాసుకుంటుంది. దాన్ని మనం ఏ స్కానర్‌తోనూ చెరపలేం, బ్యాటరీ పీకినా పోదు. సంబంధిత పరీక్ష మళ్ళీ జరిగి పాసయితే కారే చెరుపుకుంటుంది. నాకు అదే అసలైన సాక్ష్యం అనిపించింది. ట్యాంకు పావుకీ ముప్పావుకీ మధ్య ఉంచి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే హైవే మీద ఒకే వేగంతో పావుగంట... ఇలా రోజూ ఆఫీసుకి అరగంట ముందు బయల్దేరాను. వెనక సెన్సరు గీత ఎక్కడా పడలేదు. ఐదో రోజు కన్వర్టర్ మానిటర్ పూర్తయింది, పర్మనెంట్ పి0420 దానంతటదే పోయింది. ఆరో రోజు పరీక్ష పాస్. వైరు గుచ్చి తీసిన కుర్రాడు నా మొహంలో ఆనందం చూసి ఏమనుకున్నాడో తెలీదు.

ఈ గొడవంతా ఆఫీసులో చెప్తుంటే ఒకాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన కారు ఆరేళ్ళది, అరవై వేల మైళ్ళు. అదే కోడ్. బయటి గ్యారేజీలో 2,100 చెప్తే, మర్నాడు ఇస్తానని అడ్వాన్సు కట్టొచ్చాడు. ఆగండి మహాప్రభో అన్నాను. అమెరికాలో కన్వర్టర్‌కీ, ఇంజన్ కంప్యూటర్‌కీ ఎనిమిదేళ్ళు లేదా ఎనభై వేల మైళ్ళు, ఏది ముందైతే అంతవరకూ తయారీదారు వారంటీ ఇవ్వాలని ఫెడరల్ చట్టమే ఉంది. మామూలు మూడేళ్ళ వారంటీ అయిపోయినా ఇది ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఉంటుంది. ఆయన కారులో నిజంగా కన్వర్టరే పోయింది. కంపెనీ డీలరు దగ్గర ఒక్క డాలరు ఖర్చు లేకుండా మార్చి ఇచ్చారు. కారు మాన్యువల్‌తో పాటు వచ్చే వారంటీ పుస్తకంలో ఇది రాసి ఉంటుంది. ఆ పుస్తకం గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది.

హైదరాబాదులో మా బాబాయి కొడుక్కి వేరే కథ. బీఎస్-6 డీజిల్ బండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ డీజిల్ బళ్ళలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. అది నిండినప్పుడు ఆ మసిని తనే కాల్చుకోవాలి, దానికి కాసేపు నిలకడైన వేగం కావాలి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఫస్ట్ గేర్లో పాక్కుంటూ వెళ్ళేవాడికి అది ఎక్కడ దొరుకుతుంది? ముందు ఫిల్టరు లైటొచ్చింది, పట్టించుకోలేదు, తర్వాత ఇంజన్ బొమ్మ కూడా తోడయింది. సర్వీసు సెంటర్లో ఫిల్టరు శుభ్రం చేసి, వారానికోసారి అవుటర్ రింగు రోడ్డు మీద అరగంట తిప్పమన్నారు. ఇండియాలో పొల్యూషన్ సర్టిఫికెట్‌కి గొట్టం దగ్గర పొగ కొలుస్తారు గానీ, కారు లోపలి కోడ్లు అడగరు. అందుకే అక్కడ ఈ లైటుకి భయపడేవాళ్ళు తక్కువ. మావాడు రెండు నెలలు దాని మీద చిన్న స్టిక్కరు అంటించుకుని తిరిగాడు.

నా బండికి ఇది జరిగి ఎనిమిది నెలలయింది. లైటు మళ్ళీ రాలేదు. మా నాన్న మాత్రం ఇంకా అప్పుడప్పుడూ పొద్దుటి చప్పుడు రికార్డు చేసి పంపమంటాడు. మొన్న పంపిన దాంట్లో పొగ సంగతి బావుందిట గానీ, బెల్టు కీచుమంటోందట, పగుళ్ళొచ్చాయేమో చూడమన్నాడు. నాకైతే ఏమీ వినపడలేదు. బెల్టుకి లైటేమీ లేదు. శనివారం గార్లండ్ వెళ్ళి చూపించాలి.